మేమందరం ఇక్కడే ఉన్నాం

ప్రశ్న:

అక్కా, వందనాలు. మాది గాజువాక. నాన్న పోయాక అమ్మ, తమ్ముడు మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటున్నారు. తమ్ముడికి 27 ఏళ్లు. ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు, కిందటేడాది తీసేశారు. ఆ తర్వాత ఫోన్‌లో లోన్ యాప్‌ల దగ్గర అప్పులు చేశాడు. ఒకటి తీర్చడానికి ఇంకొకటి. ఇప్పుడు వాళ్లు మా చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తున్నారు. చర్చిలో కీబోర్డు వాయించేవాడు, కొన్ని నెలలుగా రావడమే మానేశాడు. రాత్రిళ్లు నిద్రపోడు, సరిగ్గా తినడు. మొన్న అన్నం పెడుతుంటే "నాకేటీ వద్దక్కా, నేను లేకపోతే మీకే హాయి" అన్నాడు.

పాస్టర్ గారికి చెబితే, ఇది అవిశ్వాసం వల్ల వచ్చింది, 21 రోజులు ఉపవాస ప్రార్థన చేయించండి, ఆత్మహత్య చేసుకున్నవాళ్లు నేరుగా నరకానికే పోతారని గట్టిగా చెప్పండి, భయంతోనైనా ఆగుతాడు అన్నారు. మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంటున్నారు. అలా వెళ్తే దేవుణ్ణి నమ్మనట్టేనా? రోజూ తెల్లవారుజామున లేచి మోకరిస్తున్నాను. ఏమీ మారలేదు. నా ప్రార్థనలో లోపం ఉందా? అమ్మకి బీపీ ఉంది, ఇదంతా తెలియదు. చెప్పాలా వద్దా?

సమాధానం:

అమ్మా, మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా వస్తాను గానీ, ఈ రోజు చేయాల్సిన పని ముందు చెప్తాను. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

"నేను లేకపోతే మీకే హాయి" అన్న మాటను విసుగులో అన్నాడులే అని వదిలేయకండి. ఈ రోజే తమ్ముడి దగ్గరికి వెళ్లండి. అమ్మ పక్కన లేనప్పుడు, టీవీ ఆపేసి, పక్కన కూర్చుని సూటిగా అడగండి. "ఒరే, చచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది నోరు నొక్కుకుంటారు. అలా జరగదు. మనసు జబ్బులకు వైద్యం చేసేవాళ్లు చెప్పేది కూడా అదే. దాచుకున్నదాన్ని ఎవరో ఒకరు పేరు పెట్టి అడిగితే చాలామందికి ఊపిరి ఆడుతుంది.

"అవునక్కా" అంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి, అప్పటికప్పుడు వాక్యం ఎత్తకండి. ఎప్పటి నుంచి అనిపిస్తోంది, ఈ రోజు కూడా అనిపించిందా, ఏం చేద్దామనుకున్నావు అని అడిగి, చెప్పేదంతా వినండి. ఎలా, ఎప్పుడు అన్నది కూడా వాడి మనసులో తేలిపోయి ఉంటే ఆ నిమిషం నుంచి ఒంటరిగా వదలకండి. 108కి ఫోన్ చేయండి, లేదా మీ ఆయనా మీరూ చెరోపక్కా కూర్చుని విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) క్యాజువాల్టీకైనా దగ్గర్లోని పెద్దాసుపత్రికైనా తీసుకెళ్లండి. అంతవరకూ రాలేదనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చేమీ లేదు, తెలుగులో మాట్లాడతారు. వాడు మాట్లాడనంటే మీరే మాట్లాడి సలహా తీసుకోవచ్చు. ఇంట్లో ఉన్న మందులు, అమ్మ బీపీ మాత్రలతో సహా, ఇంకా ప్రాణం మీదికి తెచ్చేవి ఏమున్నా అన్నీ మీ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేయండి. అమ్మ మాత్రలు ఏ రోజువి ఆ రోజు మీరే ఇవ్వండి. చావాలన్న తెగింపు చాలామందిలో ఒక ఉప్పెనలా వచ్చి తగ్గిపోతుంది. అది తగ్గేదాకా చేతికి ఏమీ అందకుండా చూడటం చాలా పెద్ద పని.

ఇది చేశాక మిగతాది చదవండి.

మీ పాస్టర్ గారి ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది. కానీ ఆయన చెప్పిన మూడు మాటలూ తప్పేనని నా అభిప్రాయం. నిరాశ అంటే అవిశ్వాసం అన్నదీ తప్పు, ఉపవాసం పెట్టించమన్నదీ తప్పు, నరకం పేరు చెప్పి బెదిరించమన్నదీ తప్పు. నేను డాక్టర్ని కాను, ఆయన చేతిలో ఉన్న బైబిల్లోంచే చెప్తాను.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీయండి. అంతకు ముందు అధ్యాయంలోనే ఏలీయా కర్మెలు కొండ మీద ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగింది. విశ్వాసంలో అంతటివాడు ఇంకొకడు దొరకడు. ఆ మనిషే యెజెబెలు రాణి బెదిరింపుకి ప్రాణభయంతో పరుగెత్తి, అరణ్యంలో ఒక బదరీవృక్షం కింద కూలబడి, "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అని ప్రార్థించాడు. అవును, అదీ ప్రార్థనే. బైబిల్లో ఉన్న ప్రార్థన. దానికి దేవుడు ఏం చేశాడో గమనించండి. అవిశ్వాసివి అనలేదు. నిన్నటి అగ్నిని అప్పుడే మర్చిపోయావా అని దెప్పలేదు. ఏలీయా నిద్రపోయాడు, నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డిలో నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, లేచి తిను అన్నాడు. అంటే దేవుడు మొదట పంపినవి నిద్ర, తిండి, నీళ్లు, తట్టి లేపే ఒక చెయ్యి. మాటలన్నీ తర్వాత, హోరేబు కొండ దగ్గర. అక్కడ కూడా "నేను ఒక్కడినే మిగిలాను" అని ఏలీయా అంటే, నీలాంటివాళ్లు ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పి, ఎలీషాని తోడుగా ఇచ్చాడు.

ఇప్పుడు చెప్పండి, నిద్రలేక, తిండిలేక చిక్కిపోయిన కుర్రాడికి 21 రోజుల ఉపవాసమా? దూత రొట్టె కాల్చి పెట్టిన చోట మనం కంచం లాగేస్తామా? ఉపవాసం చేయాలని సంఘానికి అంత ఆత్మభారం ఉంటే సంఘపెద్దలు చేయొచ్చు. మీ తమ్ముడికి మాత్రం వేడన్నం, చేపల పులుసు పెట్టండి. వాడు రెండు ముద్దలు తిన్నా చాలనుకోండి.

ఏలీయా ఒక్కడే కాదు. ఈ జనాన్ని నేను మోయలేను, నన్ను చంపెయ్యి అని మోషే మొరపెట్టాడు, సంఖ్యాకాండం 11లో ఉంది. యోబూ యిర్మీయా తాము పుట్టిన రోజునే శపించారు. యోనా అయితే బతకడం కంటే చావే మేలన్నాడు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లోనే, ఆసియలో మాకు వచ్చిన శ్రమకి బతుకుతామన్న నమ్మకమే పోయింది అని ఒప్పుకున్నాడు. వీళ్లంతా అవిశ్వాసులైతే మన ఆదివారం బడి పాఠాల్లో ఇంకెవరు మిగులుతారు?

ఒక మాట పక్కదారి పట్టి చెప్తాను. మన సంఘాల్లో సాక్ష్యాల సమయం ఉంటుంది కదా. ఉద్యోగం వచ్చినవాళ్లు, జబ్బు తగ్గినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు లేచి స్తోత్రం చెప్తారు. మంచిదే. కానీ ఏ కార్యమూ జరగనివాళ్లు వెనక బెంచీలో కూర్చుని, మన దగ్గరే ఏదో లోపం ఉందనుకుంటారు. కొన్నాళ్లకి ఆ బెంచీ కూడా ఖాళీ అవుతుంది. మీ తమ్ముడు చర్చి మానేసింది దేవుడి మీద కోపంతో కాకపోవచ్చు. మొహం చూపించలేక అయ్యుండవచ్చు, పైగా లోన్ యాప్ వాళ్లు సంఘంలో వాళ్లకి కూడా ఫోన్లు చేశారేమో కనుక్కోండి. 88వ కీర్తన చదివారా? మిగతా మొరల్లో దాదాపు అన్నిటిలో చివరికైనా ఒక వెలుగు కనిపిస్తుంది. ఇందులో అదీ లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, చివర ఒక స్తోత్రం అతికించలేదు. చీకట్లో ఉన్నవాడు చీకటి మాటలతోనే దేవుడితో మాట్లాడవచ్చని ఆ కీర్తన అక్కడ ఉంది.

ఇక నరకం సంగతి. ప్రాణం దేవుడిచ్చింది, తీసుకునే హక్కు మనకు లేదని క్రైస్తవ సంఘం మొదటి నుంచీ చెబుతోంది. అయిదో శతాబ్దంలో అగస్టీను అనే బిషప్ దాన్ని గట్టిగా వాదించాడు. నేనూ అదే నమ్ముతాను. కానీ ఆత్మహత్య క్షమాపణ లేని పాపమని బైబిల్లో ఎక్కడా రాసి లేదు. ఈ విషయంలో ఎంతో కఠినంగా ఉంటుందని పేరున్న కథోలిక సంఘమే, 1992లో వెలువరించిన సత్యోపదేశంలో (తన అధికారిక బోధల గ్రంథంలో), తీవ్రమైన మనోవేదన మనిషి బాధ్యతను తగ్గిస్తుందనీ, అలా పోయినవాళ్ల రక్షణ గురించి ఆశ వదులుకోకూడదనీ, వాళ్ల కోసం సంఘం ప్రార్థిస్తుందనీ చెప్పింది. తీర్పు దేవుడిది, పాస్టర్లది కాదు, నాదీ కాదు.

ఇదంతా తమ్ముడికి వినిపించమని చెప్పడం లేదు. మీ గుండెలో ఆ బరువు దిగడానికి చెప్తున్నాను. వాడికి ఇప్పుడు కావలసింది చచ్చాక ఏమవుతుందన్న చర్చ కాదు. వాడు ఇప్పటికే తాను అందరికీ భారమైపోయానని నమ్ముతున్నాడు. అలాంటివాడికి నరకం గురించి చెబితే, దేవుడికి కూడా నేను అక్కర్లేదు అన్న ఇంకో బరువు తోడవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, రేపు మళ్లీ అలాంటి ఆలోచన వస్తే మీకు చెప్పడు. భయపెట్టి నోరు మూయించవచ్చు, ప్రాణం నిలబెట్టలేం.

మరి బైబిల్లో ఒక మనిషి సరిగ్గా ఆ అంచున నిలబడ్డప్పుడు ఎవరైనా ఏం చెప్పారు? అపొస్తలుల కార్యాలు 16. ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పౌలు, సీలలు ప్రార్థిస్తూ పాటలు పాడుతుంటే భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాయి. నిద్ర లేచిన చెరసాల నాయకుడు, ఖైదీలు పారిపోయారు, ఇక నా బతుకు అయిపోయింది అనుకుని చావడానికి సిద్ధపడ్డాడు. పౌలు చీకట్లోంచి పెద్ద గొంతుతో అరిచాడు: "నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము." అంతే. రక్షణ గురించిన బోధ ఆ తర్వాత వచ్చింది, అదీ ఆ మనిషే దీపం తెప్పించుకుని వణుకుతూ వచ్చి అడిగాక. ఆ రాత్రి అతనే వాళ్ల గాయాలు కడిగాడు, తన ఇంట్లో భోజనం పెట్టాడు. పాటలు పాడిన నోరే కేక కూడా వేసింది చూశారా? పాడుతూ కూర్చుని ఉంటే ఆ మనిషి దక్కేవాడు కాదు.

మీ ప్రార్థనలో లోపం ఉందా అని అడిగారు. లేదు. కానీ అది రెండు వీధుల అవతల, తలుపు వేసుకుని, మీ ఒక్కరి గదిలో జరుగుతోంది. తమ్ముడికి తెలియదు. ప్రార్థన మానమని నేను చెప్పను, చోటు మార్చమంటాను. తెల్లవారుజామున మోకరించే ఆ సమయంలో సగం, రాత్రి పది తర్వాత వాడి మంచం పక్కన గడపండి. నిద్ర పట్టనివాడికి రాత్రే భయం. యేసు ప్రభువు గెత్సేమనేలో అడిగింది కూడా అదే. "మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది" అని ముగ్గురు స్నేహితులకు చెప్పుకుని, నాతో మెలకువగా ఉండండి అన్నాడు. దేవుని కుమారుడికే రాత్రిపూట మనుషులు కావలసి వచ్చారు. వాళ్లు నిద్రపోయారనుకోండి, అది వేరే సంగతి. (ఈ వాక్యం మత్తయి సువార్తలోది. 1805లో లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ మన విశాఖపట్నం వచ్చి ఇక్కడే తెలుగులోకి దించడం మొదలుపెట్టిన సువార్తల్లో అదొకటి. కొన్నేళ్లకే ఇద్దరూ చనిపోయారు. అచ్చయింది వాళ్లు పోయాక, 1812లో. మన ఊరికి ఆ వాక్యంతో అంత పాత చుట్టరికం ఉంది.)

ఎలా ప్రార్థించాలి? పొట్టిగా. వాడి మాటల్లోనే. "ప్రభువా, మా తమ్ముడు బాగా అలసిపోయాడు. ఈ రాత్రి గడిచేలా చూడు. నేను పక్కనే ఉన్నాను, నువ్వూ ఉండు." ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. ప్రార్థన పేరుతో వాడికి ఉపదేశం చేయకండి. "ప్రభువా, వీడికి కృతజ్ఞత నేర్పు, బాధ్యత నేర్పు" అని మనవాళ్లు కళ్లు మూసుకుని తిట్టే తిట్లు మీకూ తెలుసు. వాడికి వినబుద్ధి కాకపోతే చెయ్యి పట్టుకుని మౌనంగా కూర్చోండి. మాటలు రానప్పుడు ఆత్మే ఉచ్చరింపలేని మూలుగులతో మన కోసం విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8లో ఉంది కదా, దాన్ని నమ్మండి. వాడు "నాకు దేవుడి మీద నమ్మకం పోయింది" అన్నా ఉలిక్కిపడకండి. ఇప్పటికి వాడి తరఫున మీరు నమ్మితే చాలు. పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకెళ్లి ఇంటికప్పు విప్పి దించితే, యేసు "వారి విశ్వాసము" చూశాడని మార్కు రాశాడు. మంచం మీద ఉన్నవాడి విశ్వాసం గురించి అక్కడ ఒక్క మాట లేదు.

పక్కన కూర్చోవడం ఇంత గొప్ప మందా అని మీకు అనుమానం రావచ్చు. 1953లో లండన్‌లో చాద్ వరా అనే ఆంగ్లికన్ ఫాదర్, చావాలనుకునేవాళ్లు ఫోన్ చేయడానికి ఒక నంబరు పెట్టాడు. చాలా ఏళ్ల కిందట, ఎవరితోనూ చెప్పుకోలేక ప్రాణం తీసుకున్న ఒక చిన్నపిల్ల అంత్యక్రియలు ఆయన చేశాడు, అది ఆయన్ను వదల్లేదు. నంబరు పెట్టాక జనం క్యూ కట్టారు. ఫాదర్ గారు ఖాళీ అయ్యేదాకా వాళ్లకి టీ ఇచ్చి కబుర్లు వినడానికి కొందరు వాలంటీర్లు వచ్చారు. తమాషా ఏమిటంటే, వాళ్లతో మాట్లాడాక చాలామంది ఫాదర్‌ని కలవకుండానే తేలికపడి వెళ్లిపోయేవాళ్లు. ఆయన అది గమనించి, పనంతా ఆ వినేవాళ్లకే అప్పగించేశాడు. సమారిటన్స్ అనే ఆ సంస్థ నేటికీ నడుస్తోంది, అక్కడ మత బోధ చేయరు. నాకు ఈ కథలో నచ్చేది ఆ ఫాదర్ వినయం. తన కంటే ఒక కప్పు టీ ఎక్కువ పనిచేస్తోందని ఒప్పుకోవడం అందరు బోధకుల వల్లా కాదు.

అంతకు ముందు, పద్దెనిమిదో శతాబ్దంలో, విలియం కౌపర్ అని ఒక ఇంగ్లీషు కవి ఉండేవాడు. ఆయన రాసిన కీర్తనలు ఇప్పటికీ చర్చిల్లో పాడతారు. ఆయనకు జీవితమంతా తీవ్రమైన కుంగుబాటు, ఎన్నోసార్లు చావు అంచుదాకా వెళ్లాడు. 1773లో బాగా ముదిరినప్పుడు స్నేహితుడైన పాస్టరు జాన్ న్యూటన్ ఆయన్ను తన ఇంట్లోనే ఏడాదికి పైగా ఉంచుకున్నాడు. కౌపర్ జబ్బు పూర్తిగా ఎప్పుడూ నయం కాలేదు. కానీ 68 ఏళ్లు బతికి, జబ్బుపడి సహజంగానే చనిపోయాడు. అద్భుతం జరగలేదు, మనిషి దక్కాడు.

అలా అని కూర్చుంటే సరిపోతుంది, డాక్టరు అక్కర్లేదు అనుకోకండి. మీ ఆయన చెప్పిందే రైటు. నెలల తరబడి నిద్ర లేకపోవడం, తినకపోవడం, నచ్చిన కీబోర్డు మీద కూడా మనసు పోకపోవడం, నేను భారం అనుకోవడం, ఇవన్నీ డిప్రెషన్ లక్షణాలు. అది జబ్బు. చావుబతుకుల్లో ఉన్న హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు విని పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకి కట్టించాడు. దేవుడు విన్నాడు కదా, కట్టు ఎందుకు అని ఎవరూ అడగలేదు. లూకాని పౌలు ప్రియమైన వైద్యుడు అన్నాడు. 1900లో వెల్లూరులో చిన్న వైద్యశాల మొదలుపెట్టిన అయిడా స్కడర్ మిషనరీయే. మన తాతల కాలంలో మిషనాసుపత్రిలో ప్రార్థన చేసి ఆపరేషన్ చేసేవాళ్లు. షుగరుకి ఇన్సులిన్ వేసుకునే పాస్టరు మనసు జబ్బుకి మాత్రం మందు వద్దంటే, ఆ తేడా ఎక్కడిదో ఆయన్నే అడగండి.

మన ఊళ్లో ఇంకో అడ్డంకి ఉంది. చినవాల్తేరు అన్న పేరు ఎగతాళికి వాడీ వాడీ, అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల గేటు దాటితే పిచ్చివాడన్న ముద్ర పడుతుందని జనం భయపడతారు. అక్కడ ఓపీ చీటీ రాయించుకుని మందులు తీసుకుని అదే పూట ఇంటికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, కాలేజీ పిల్లలు, బాలింతలు కూడా వస్తారు. మీకు మొహమాటమైతే కేజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి, లేదా ప్రైవేటు డాక్టరు దగ్గరికి. పొద్దున్నే వెళ్లండి, ఆధార్ పట్టుకెళ్లండి, పక్కన మీరు కూర్చోండి. వాడు చెప్పడానికి సిగ్గుపడితే నిద్ర గురించి మొదలుపెట్టండి, "వీడికి నెలలుగా నిద్ర లేదండీ" అని. మందులు రాస్తే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలోనే తేడా లేదని మానేయకూడదు, కొంచెం బాగుందనీ మానేయకూడదు. ఆ మొదటి వారాల్లో ఇంకాస్త కనిపెట్టుకుని ఉండాలి, మాత్రలు మీ దగ్గరే ఉంచి ఇవ్వాలి. ఆసుపత్రిలో నిజం చెబితే పోలీసు కేసవుతుందని కూడా భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలనీ, శిక్షించకూడదనీ, ప్రభుత్వం చికిత్స ఇవ్వాలనీ చెబుతోంది.

అప్పుల సంగతి కూడా ప్రార్థనకే వదిలేయకండి. వాణ్ణి నలిపేస్తున్నది సగం జబ్బు, సగం ఆ ఫోన్లు. మీ ఆయన వాడితో కూర్చుని ఏ యాప్, ఎంత తీసుకున్నాడు, ఎంత కట్టాడు అని ఒక కాగితం మీద రాయమనండి. రాస్తే మనసులో ఉన్నంత పెద్దగా కనిపించదు. కొత్త అప్పుతో పాత అప్పు తీర్చడం ఆ రోజుతో ఆగిపోవాలి. గుర్తింపు ఉన్న సంస్థలైనా ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదనీ, ఇంట్లోవాళ్లనీ స్నేహితులనీ వేధించకూడదనీ రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. గుర్తింపే లేని యాప్‌లైతే, ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తుంటే, మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి 1930కి ఫోన్ చేయండి, స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. కొన్నాళ్లు వాడి ఫోన్ మీ ఆయన దగ్గర పెట్టుకుని, ఒక మామూలు బటన్ ఫోన్ వాడికి ఇవ్వండి, వాడు ఒప్పుకుంటేనే. చుట్టాలకి మీరే ముందుగా ఒక మెసేజ్ పెట్టేయండి: ఇలాంటి ఫోన్లు వస్తే పట్టించుకోవద్దని. పరువు పోతుందన్న భయం, అందరికీ తెలిసిపోయాక చాలా తగ్గుతుంది.

పాస్టర్ గారితో గొడవ పెట్టుకోవద్దు. డాక్టరుకి చూపిస్తున్నామని చెప్పి, ఒక్క సాయం అడగండి. బోధించడానికి కాకుండా ఊరికే కూర్చోవడానికి క్వయర్లో వాడి ఈడు కుర్రాణ్ణి ఒకణ్ణి పంపమనండి. వారంలో రెండు సాయంత్రాలు వచ్చి కుర్మన్నపాలెం దాకా నడిపించి టీ తాగించి తీసుకొస్తే చాలు. కీబోర్డు మాట వాడే ఎత్తేదాకా ఎవరూ ఎత్తొద్దు. పేరు చెప్పి స్టేజీ మీద ప్రార్థన చేయించడం, వాట్సాప్ గ్రూపులో ప్రార్థనాంశంగా పెట్టడం అసలే వద్దు. దీనికి ఆయన కాదంటే, విశాఖలో ఇంకో సంఘం దొరకదా?

మీరు కూడా ఒక్కరే మోయకండి. ఇల్లు, తెల్లవారుజామున ప్రార్థన, రాత్రి తమ్ముడి కాపలా, ఇవన్నీ ఒక మనిషి పనులు కావు. మీ ఆయనతో వంతులు వేసుకోండి. మీకు ఏడుపు ఆగకపోతే ఆ 14416 మీక్కూడా పనికొస్తుంది.

ఇక అమ్మ. చెప్పండి. బీపీ ఉన్నవాళ్లకి ఉన్నది చెప్పడం కంటే, సగం తెలిసి మిగతాది ఊహించుకోవడం ఎక్కువ హాని. ఒకే ఇంట్లో ఉంటూ కొడుకు నిద్రపోవడం లేదని ఆవిడకి తెలియకుండా ఉంటుందా? ముందు తమ్ముడితో "అమ్మకి చెప్తున్నాను" అని చెప్పి, తర్వాత చెప్పండి. వాడు లేని చోట, ఆవిడ మాత్ర వేసుకున్నాక, మీ ఆయన పక్కన ఉండగా. అప్పుల లెక్కలన్నీ ఆ రోజే అక్కర్లేదు. "తమ్ముడికి ఒంట్లో, మనసులో బాగోలేదమ్మా, బుధవారం ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, నువ్వు వాడికి ఇష్టమైంది వండు, ఏమీ అడగకు" అనండి. ఆవిడ ఏడుస్తుంది. కాసేపు ఏడవనివ్వండి, తర్వాత వాడికి ఏం వండాలో ఆవిడే ఆలోచించుకుంటుంది.